నీళ్లు పడ్డాక మందు గడువు మారిపోతుంది
ఇంజక్షన్ యాంటీబయాటిక్స్ గురించి నమ్మకూడని తొమ్మిది సలహాలు

పోయిన వేసవిలో మా మేనత్తకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరితే వారం రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మిగతా వారం ఇంజక్షన్లు ఇంట్లోనే చేయించుకోవచ్చని పంపించారు. మెరోపెనెం, ఒక్కో గ్రాము, రోజుకు మూడు పూటలు. నేను చూడ్డానికి వెళ్లి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు తీశాను. తలుపు అరలో, మజ్జిగ సీసా పక్కన, వంద మిల్లీలీటర్ల సెలైన్ సీసాలు రెండున్నాయి. ఒకదాని మీద బాల్‌పెన్నుతో ‘మ’ అని, రెండోదాని మీద ‘రా’ అని రాసి ఉంది.

“ఇవేంటి అత్తయ్యా?” అని అడిగాను.

“మధ్యాహ్నానికొకటి, రాత్రికొకటి రా. సిస్టరమ్మ పొద్దున్నే మూడూ కలిపేస్తుంది. పాపం ఆ పిల్ల నాలుగిళ్లు తిరగాలి. మళ్లీ వచ్చినప్పుడు తగిలించి పోతుంది. ఫ్రిజ్‌లో ఉంటే ఏం కాదంది.”

పొద్దున ఆరింటికి కలిపిన మందు రాత్రి పదింటికి ఎక్కుతోంది. అంటే పదహారు గంటలు. అమెరికాలో ఈ మందుకు ఆమోదించిన కరపత్రం ప్రకారం సెలైన్‌లో కలిపిన మెరోపెనెం 5 డిగ్రీలు మించని చల్లదనంలో 15 గంటలు నిలుస్తుంది. 25 డిగ్రీల గదిలో అయితే ఒక్క గంటే. ఆ తలుపు అరలో థర్మామీటరు పెట్టి గంటాగి చూస్తే 11 డిగ్రీలు చూపించింది. రాత్రి పూట మా అత్త ఒంట్లోకి ఎంత మందు వెళ్తోందో, ఎంత విరిగిపోయిన మందు వెళ్తోందో చెప్పగలిగేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ అమ్మాయిని నేను తప్పు పట్టలేదు. చేతి శుభ్రత ఉన్న పిల్ల, సూది నొప్పి తెలియకుండా వేస్తుంది. ఆమెకు ఎవరో సీనియరు ఆ సలహా చెప్పారు, ఆమె నమ్మింది. ఆసుపత్రి ఫార్మసీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇలాంటి సలహాలు వార్డుల్లో, మెడికల్ షాపుల్లో, పేషెంటు మంచం పక్కన ఎన్ని విన్నానో లెక్కలేదు. మంచి మనసుతో చెప్పినవే అన్నీ. పేషెంటుకు చేసే కీడు మాత్రం కీడే. అందుకే వాటిని ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. “వయల్ మీద ఇంకా రెండేళ్ల గడువుంది, భయం లేదు”

అన్ని పొరపాట్లకూ తల్లివేరు ఈ మాటే. సీసా మీద అచ్చేసిన తేదీ లోపలున్న పొడి మందుకు సంబంధించినది. అందులో స్టెరైల్ వాటర్ పడిన క్షణాన ఆ తేదీకి పని తీరిపోయింది. ఇక లెక్క గంటల్లోనే.

పెనిసిలిన్, యాంపిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెం, వీటన్నిటి గుండెకాయ ఒక్కటే: నాలుగు పరమాణువులు చతురస్రంలా ముడిపడ్డ బీటా లాక్టమ్ వలయం. 1945లో డొరొతీ హాడ్జ్‌కిన్ ఎక్స్‌రేలతో పెనిసిలిన్ నిర్మాణాన్ని తేల్చినప్పుడు ఈ వలయం సంగతి ఖాయమైంది. నాలుగు మూలలకే వంగి ముడిపడటం వల్ల అందులో ఎప్పుడూ ఒక బిగువు ఉంటుంది, వంచి కట్టిన వెదురు బద్దలాగా. క్రిమి గోడ కట్టుకునే ఎంజైముకు తగులుకుని దాన్ని పనిచేయనివ్వకుండా ఆపేది ఆ బిగువే. నీటి అణువు తగిలితే తటాలున తెగిపోయేదీ ఆ బిగువు వల్లనే. తెగాక అది మందు కాదు.

అందుకే కంపెనీలు వీటిని పొడిగా అమ్ముతాయి. 1928లో ఫ్లెమింగ్ కనుగొన్న పెనిసిలిన్ పన్నెండేళ్ల పాటు రోగుల దాకా రాలేకపోవడానికి ఒక కారణం అది చేతిలో నిలవకపోవడమే. ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్తలు ఫ్లోరీ, చెయిన్, హీట్లీ చల్లదనంలో వడకట్టి, గడ్డకట్టించి, నీటిని ఆవిరిగా లాగేసి పొడి చేశాకే అది మందుగా నిలబడింది. ఎండబెట్టిన వడియం ఏడాది ఉంటుంది, పిండి రుబ్బి తడిగా ఉంచితే ఒక పూటలో పులుస్తుంది. ఇక్కడా అంతే.

2. “పొద్దున్నే అన్ని డోసులూ కలిపి పెట్టుకుంటే పని తేలిక”

ముప్పై మంది రోగులకు ఇద్దరు సిస్టర్లు ఉన్న వార్డులో ఈ మాట ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేను. కలిపాక ఒక్కో మందు ఒక్కో లెక్కన నడుస్తుంది.

యాంపిసిలిన్‌ను వయల్‌లో కలిపి నేరుగా నరానికి ఇచ్చేటట్టయితే గంటలోపు ఇచ్చేయాలి. ఇమిపెనెం గది వేడిలో 4 గంటలు. ఎర్టాపెనెం 6 గంటలు. పిపెరాసిలిన్–టాజోబాక్టమ్ వయల్ కలిపిన వెంటనే వాడాలి, మిగిలింది గదిలో 24 గంటలు దాటితే పారేయాలి. సెఫ్ట్రియాక్సోన్ గట్టిది, సెలైన్‌లో సరైన పాళ్లలో కలిపితే గది వేడిలో రెండు రోజులు బలం నిలుపుకుంటుంది. అన్నీ తెల్లటి పొడులే, అన్నీ ఒకే ట్రేలో ఉంటాయి. సెఫ్ట్రియాక్సోన్‌తో అలవాటైన చెయ్యి మెరోపెనెంనూ అలాగే చూస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది.

ఇంకో చిక్కు. కొన్ని మందులు చిక్కగా కలిపితే ఇంకా త్వరగా పాడవుతాయి. యాంపిసిలిన్ అణువు చివర ఉన్న అమైన్ గుంపు పక్కనున్న ఇంకో యాంపిసిలిన్ అణువు వలయాన్నే తెంచుతుంది. ఎంత ఇరుకుగా ఉంటే అంత కొట్లాట. సిరంజిలోకి చిక్కగా లాగి ట్రేలో పెట్టిన యాంపిసిలిన్ తనను తానే తినేస్తూ ఉంటుంది.

పూటకు పూట కలపండి. వయల్‌లోకి నీళ్లు ఎక్కించడం, కరిగేదాకా తిప్పడం, సెలైన్‌లోకి మార్చడం, అంతా కలిపి నాలుగైదు నిమిషాలు.

3. “ఫ్రిజ్‌లో పెడితే ఏ మందైనా ఆగుతుంది”

చల్లదనం విరగడాన్ని నిదానింపజేస్తుంది, ఆపదు. మెరోపెనెంకు 15 గంటలు, ఎర్టాపెనెంకు 24 గంటలు, పిపెరాసిలిన్–టాజోబాక్టమ్‌కు 48 గంటలు, సెఫ్ట్రియాక్సోన్‌కు పది రోజులు. ఒకే ఫ్రిజ్, నాలుగు లెక్కలు. ఎర్టాపెనెం అయితే ఫ్రిజ్‌లోంచి తీశాక నాలుగు గంటల్లో ఎక్కించేయాలి.

పైగా ఆ అంకెలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య కదలకుండా ఉండే ఫ్రిజ్‌వి, కొన్ని 5 డిగ్రీలు మించనివి. ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకు ముప్పై సార్లు తెరుస్తాం. తలుపు అరే అన్నిటికన్నా వేడి చోటు. వెనక గోడకు ఆనిస్తే మంచు కట్టే ప్రమాదం. కరెంటు పోయి గంటన్నర రాకపోతే లోపల ఎంత ఉందో ఎవరికీ తెలియదు. తప్పనిసరై ఫ్రిజ్‌లోనే ఉంచాల్సిన మందైతే నడిమి అరలో, మూత ఉన్న డబ్బాలో, చిన్న థర్మామీటరు తోడుగా పెట్టండి. కూరగాయలకూ వండిన పదార్థాలకూ దూరంగా ఉంచండి.

అసలు ఫ్రిజ్‌లో పెట్టకూడనివీ ఉన్నాయి. వాడకానికి సిద్ధంగా వంద మిల్లీలీటర్ల సీసాల్లో వచ్చే మెట్రోనిడజోల్‌ను చల్లబెడితే స్ఫటికాలు కడుతుంది. దానికి కావలసింది గది వేడి, వెలుతురు తగలని చోటు. దాన్ని అట్టపెట్టెలోంచి తీసి కిటికీ గట్టు మీద వరసగా పేర్చడం నేను చూశాను. అట్టపెట్టె ఉన్నదే వెలుతురును ఆపడానికి.

4. “ఫ్రిజ్ కన్నా డీప్ ఫ్రీజర్ ఇంకా మంచిది”

వినడానికి సబబుగానే ఉంటుంది. యాంపిసిలిన్ విషయంలో ఇది తలకిందులవుతుంది. ద్రావణం గడ్డకట్టేటప్పుడు ముందు నీళ్లు మంచు అవుతాయి. మందంతా మిగిలిన కొద్దిపాటి ద్రవంలోకి తోసుకుపోయి విపరీతంగా చిక్కబడుతుంది. చిక్కబడితే యాంపిసిలిన్‌కు ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. గడ్డకట్టి రాయిలా కనిపిస్తున్న సీసాలో కూడా అది విరుగుతూనే ఉంటుంది.

పెనిసిలిన్, సెఫజోలిన్ లాంటి కొన్ని మందులను అమెరికాలో గడ్డకట్టించిన సంచుల్లో కూడా అమ్ముతారన్నది నిజం. వాటిని ఫ్యాక్టరీలో పరీక్షించి, మైనస్ 20 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచుతారు. ఒకసారి కరిగాక మళ్లీ గడ్డకట్టించవద్దని సంచి మీదే రాస్తారు. ఐస్‌క్రీమ్ పెట్టుకునే మన ఫ్రీజర్ తలుపు తెరిచినప్పుడల్లా లోపలున్నది మెత్తబడి మళ్లీ గట్టిపడుతుంది. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టకూడదు.

ఈ సలహాకు జతగా వచ్చేదే “చల్లగా ఉంటే వేడినీళ్లలో ముంచండి” అన్నది. సీసా చల్లదనం పోవాలని వేడినీళ్ల గిన్నెలో ముంచినా, మైక్రోవేవ్‌లో పెట్టినా, ఇన్ని గంటలు చల్లదనంతో కాపాడిన మందును పది నిమిషాల్లో పాడుచేసినట్టే. సీసా మూత దగ్గరి నుంచి నీళ్లు లోపలికి దిగితే క్రిమి కూడా దిగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద కాసేపు ఉంచితే చాలు. ఆ కాసేపు కూడా ఆ మందుకు గదిలో ఇచ్చిన గడువులోకే వస్తుందని మరవకండి.

5. “గది వేడి అంటే మన గది వేడే కదా”

కరపత్రంలో ‘గది ఉష్ణోగ్రత’ అని ఉంటే దాని అర్థం 25 డిగ్రీలో, అంతకన్నా తక్కువో. ఆ గది ఏసీ ఉన్న గది. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో బయట 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. రేకుల కప్పు కింద, ఫ్యాను మాత్రమే తిరిగే వార్డులో మధ్యాహ్నం మూడింటికి 38, 40 ఉంటుంది.

రసాయన చర్యకు ఒక మోటు లెక్క ఉంది: వేడి పది డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపో, అంతకు మించో అవుతుంది. 25 నుంచి 40కి అంటే పదిహేను డిగ్రీలు. రెట్టింపు చొప్పునే లెక్కేసినా విరిగే వేగం దాదాపు మూడింతలు. కాగితం మీద మూడు గంటలు అని ఉన్న మందు ఆ వార్డులో గంటకే అక్కడికి చేరుతుంది. స్కూటరు డిక్కీలో పెట్టుకుని ఎండలో తిరిగిన సీసా సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంగ్లండులో నడుముకు కట్టుకునే బెలూను పంపులతో ఇరవై నాలుగు గంటల పాటు ఇంట్లోనే యాంటీబయాటిక్ ఎక్కించే పద్ధతి ఉంది. ఆ పంపు ఒంటికి ఆనుకుని వెచ్చబడుతుంది కాబట్టి, 25 డిగ్రీల లెక్కలు చాలవని అక్కడి నిపుణులు 32 డిగ్రీల దగ్గర మళ్లీ పరీక్షలు చేయించుకున్నారు. చలిదేశం వాళ్లకే ఆ జాగ్రత్త అవసరమైతే మనకు ఎంత అవసరమో ఆలోచించండి.

6. “సెలైన్ ఏదైతేనేం, ఉన్నదాంట్లో కలిపేయండి”

ఎన్‌ఎస్ (ఉప్పు సెలైన్), డి5, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్), మూడూ తేట నీళ్లలాగే ఉంటాయి. మందుకు మాత్రం అవి మూడు వేర్వేరు ఊళ్లు.

డి5 అంటే గ్లూకోజ్ సీసా. యాంపిసిలిన్ ఎన్‌ఎస్‌లో గది వేడిలో 8 గంటలు నిలిస్తే, గ్లూకోజ్‌లో పలచగా కలిపినా 4 గంటలే, చిక్కగా కలిపితే ఇంకా తక్కువ. మెరోపెనెంను గ్లూకోజ్‌లో కలిపితే నిలవ అన్న మాటే లేదు, వెంటనే ఎక్కించాలి. ఎర్టాపెనెంను గ్లూకోజ్‌లో అసలు కలపకూడదు. యాంఫోటెరిసిన్ బి సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది ఫంగస్ మందు, 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు తెలుగు నాట ఇంటింటా వినబడ్డ పేరు. దాన్ని గ్లూకోజ్‌లోనే కలపాలి, ఉప్పు సెలైన్‌లో పడితే మడ్డి కడుతుంది.

ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్ కాల్షియంతో కలిస్తే కరగని మడ్డిగా దిగుతుంది. ఆ మడ్డి ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో పేరుకుని పసిగుడ్లు చనిపోయిన ఉదంతాలు బయటపడ్డాక 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. 28 రోజుల లోపు పసిబిడ్డకు కాల్షియం ఉన్న సెలైన్లు ఎక్కుతుంటే సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వనే కూడదు. పెద్దవాళ్లకైనా రెండూ ఒకే లైనులో ఒకేసారి పోకూడదు. ఒకటి అయ్యాక లైను ఎన్‌ఎస్‌తో బాగా కడిగి రెండోది పెట్టాలి.

7. “రెండు మందులూ ఒకే సీసాలో వేస్తే ఒక్కసారే అయిపోతుంది”

పసిపిల్లల వార్డులో యాంపిసిలిన్, జెంటమైసిన్ జంటగా రాస్తారు. ఒంట్లో చేరాక ఒకదానికొకటి తోడు నిలిచే మందులు. సీసాలో మాత్రం పెనిసిలిన్ జాతి మందు జెంటమైసిన్‌కు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. కంటికి ఏమీ కనిపించదు. బిడ్డకు రెండు మందులు ఇచ్చామని కేస్ షీటులో రాస్తాం, రెండో మందు బిడ్డకు పూర్తిగా చేరదు.

వాంకోమైసిన్ ద్రావణం పుల్లగా, ఆమ్ల గుణంతో ఉంటుంది. దానికి సెఫ్టాజిడైమ్ లాంటి క్షారగుణం ఉన్నది తగిలితే పాలు విరిగినట్టు తెల్లటి మడ్డి వస్తుంది. ఆ మడ్డి కాన్యులాలో కనబడితే సరే, కనబడకుండా నరంలోకి పోతే? ఒక్కో మందుకు ఒక్కో సిరంజి, ఒక్కో సీసా, మధ్యలో లైను కడగడం. వేరే దారి లేదు.

8. “తేటగా ఉంది, రంగు మారలేదు, ఇచ్చేయొచ్చు”

కన్ను పట్టగలిగేది కొంతే. మడ్డి, పొగమంచులా మసక, తేలే నలుసులు ఉంటే మందు వాడకూడదు, ఇది అందరూ ఒప్పుకునేదే. వీటిలో ఏదీ లేనంత మాత్రాన మందు బాగున్నట్టు కాదు. వలయం తెగిన పెనిసిలిన్ కూడా నీళ్లలా తేటగానే ఉంటుంది. నూటికి ముప్పై వంతులు పోయినా కన్ను కనిపెట్టలేదు.

రంగు మారినంత మాత్రాన పాడైనట్టూ కాదు. సెఫ్ట్రియాక్సోన్ ద్రావణం లేత పసుపు నుంచి తేనె రంగు దాకా ఉండొచ్చు, అది ఎంత చిక్కన, ఎంతసేపయింది అన్నదాన్ని బట్టి మారుతుంది. సెఫ్టాజిడైమ్ వయల్‌లోకి నీళ్లు ఎక్కించగానే బుసబుసా బుడగలు వస్తాయి. అందులో సోడియం కార్బొనేట్ ఉంటుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. ఆ బుడగలు చూసి కొత్త సిస్టరొకమ్మాయి మందు పాడైందని మూడు వయళ్లు చెత్తబుట్టలో వేసింది. వాటి డబ్బు ఒక కూలీ కుటుంబం కట్టింది.

కాబట్టి కన్నుతో తీర్పు చెప్పకండి. గడియారాన్ని, థర్మామీటరును, కరపత్రాన్ని చూసి చెప్పండి.

9. “కొంచెం బలం తగ్గితే ఏం మునిగిపోతుంది, డోసు కాస్త పెంచితే సరి”

సాధారణంగా రాసిన బలంలో నూటికి తొంభై వంతులు మిగిలి ఉన్నంత కాలాన్నే మందు నిలవ కాలంగా లెక్కగడతారు. ఆ గీత దాటాక ఎంత మిగిలిందో చెప్పడానికి ల్యాబు యంత్రం కావాలి. ఎంత తగ్గిందో తెలియనప్పుడు ఎంత పెంచుతారు?

తగ్గిన మందు మాయమైపోదు కూడా, వేరే పదార్థంగా మారి అక్కడే ఉంటుంది. పెనిసిలిన్ ఎలర్జీని రేపే వాటిలో విరిగిన పెనిసిలిన్ ముక్కలు ఉన్నాయి. సెఫ్టాజిడైమ్ విరిగితే పిరిడిన్ పుడుతుంది, అది విషం. పాతబడ్డ టెట్రాసైక్లిన్ మాత్రలు మింగినవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 1960లలోనే వైద్య పత్రికలకెక్కింది. డోసు పెంచితే ఈ ముక్కలూ పెరుగుతాయి.

బలం తగ్గిన యాంటీబయాటిక్ క్రిముల్లో బలహీనమైనవాటిని చంపి, మొండివాటిని వదిలేస్తుంది. మెరోపెనెం అంటే చాలామందికి చివరి వరసలో రాసే మందు. దానికి లొంగని క్రిమి పుడితే ఆ తర్వాత చేతిలో మిగిలేది బహు కొద్ది. ఫ్రిజ్ తలుపు అరలో నీరసపడ్డ సీసా ఆ ఒక్క రోగి సొంత సమస్య కాదు, పక్క మంచం రోగిది కూడా.

మిగిలిన వయల్ గురించి ఒక మాట

బలం నిలిచినంత మాత్రాన శుభ్రత నిలిచినట్టు కాదు. ఈ రెండూ వేర్వేరు గడువులు, ఏది ముందు తీరితే అదే లెక్క. సెఫ్ట్రియాక్సోన్ బలం ఫ్రిజ్‌లో పది రోజులు ఉండొచ్చు. కానీ మంచం పక్కన, ఫ్యాను గాలిలో కలిపిన సీసాలో ఒక్క క్రిమి పడినా పది రోజుల్లో ఏమవుతుందో ఊహించండి. క్లెబ్సియెల్లా లాంటి క్రిములు గ్లూకోజ్ సీసాలో హాయిగా పెరుగుతాయి. “యాంటీబయాటిక్ ఉన్న సీసాలో క్రిములెలా పెరుగుతాయి?” అని అడిగేవాళ్లున్నారు. ఆ మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి, ఫంగస్ పెరుగుతుంది. అందుకే శుభ్రమైన ప్రత్యేక గదిలో కలపని మందు ఏదైనా ఫ్రిజ్‌లో 24 గంటలు మించి ఉంచవద్దని ఇంగ్లండు కరపత్రాల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది.

పిల్లల డోసుకు పావు వయల్ చాలు, ముప్పావు మిగులుతుంది. పారేయాలంటే తల్లిదండ్రులకు ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. రేపటికి దాచమని మాత్రం చెప్పలేను. అలాగే, వయళ్లన్నీ కలపడానికి ఒకే సెలైన్ సీసాకు సూది గుచ్చి ఆ సూది అలాగే వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. రోజంతా గాలికి తెరుచుకున్న ఆ రంధ్రం గుండా ఒక్క క్రిమి దిగితే వార్డంతా పంచినట్టే. ఒక్కో వయల్‌కు ఒక్కో స్టెరైల్ వాటర్ ఆంప్యూల్ పగలగొట్టండి.

మరి ఏం చేయాలి?

ఇంట్లో ఇంజక్షన్లు చేయించుకుంటున్నవాళ్లు డిశ్చార్జి రోజునే నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ మందు దేంట్లో కలపాలి? కలిపాక గదిలో ఎన్ని గంటలు? ఫ్రిజ్‌లో పెట్టొచ్చా, పెడితే ఎన్ని గంటలు? ఎంతసేపట్లో ఎక్కించాలి? జవాబు కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కు అంటించుకోండి. వయల్ పెట్టెలో మడత పెట్టిన కాగితం ఉంటుంది. దాన్ని పారేయకండి, జవాబులు అందులో ఉంటాయి. నేను పైన రాసిన గంటలు కంపెనీని బట్టి, కలిపే పాళ్లను బట్టి మారొచ్చు. మీ చేతిలో ఉన్న మందు కాగితమే మీకు ప్రమాణం. అనుమానమొస్తే మందు మీ అంతట మీరు మానేయకండి, డోసు మార్చకండి. ఫార్మసిస్టునో, రాసిన డాక్టరునో అడగండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ జబ్బుపడ్డ అమ్మానాన్నలకు కలిపిన సంచులే ఇంటికి వస్తాయి. ఇంటి దగ్గర సిరలోకి యాంటీబయాటిక్ ఇచ్చే పద్ధతి ఆ దేశంలో 1974 నుంచీ ఉంది. ఆ సంచి మీద ఏ రోజు, ఏ గంటలోపు వాడాలో అచ్చేసి ఉంటుంది. ఒక్క రోజే కదా దాటింది అని తగిలించకండి, సంచి పంపిన ఫార్మసీకి ఫోను చేయండి.

సిస్టర్లకూ, కాంపౌండర్లకూ, ఇళ్లకు తిరిగి ఇంజక్షన్లు చేసే పిల్లలకూ నా విన్నపం ఒక్కటే. కలిపిన ప్రతి సీసా మీద మందు పేరు, ఎంత కలిపారో, దేంట్లో కలిపారో, ఏ గంటకు కలిపారో రాయండి. మా అత్త ఫ్రిజ్‌లో సీసాల మీద ‘మ’, ‘రా’ అని ఎప్పుడు వాడాలో రాసి ఉంది, ఎప్పుడు కలిపారో లేదు. మర్నాటి నుంచి ఆ అమ్మాయి పొడి వయళ్లు బీరువాలోనే ఉంచి, ఏ పూటకా పూట మా అత్త ఎదుటే కలిపింది. గోడ గడియారం చూసి సీసా మీద టైము రాసింది. దానికి ప్రతి పూటా అదనంగా పట్టింది ఐదు నిమిషాలు.

రేపు మీ ఇంట్లో ఎవరికైనా సీసా తగిలించబోతుంటే, “ఎప్పుడు కలిపారమ్మా?” అని ఒక్క మాట అడగండి. అడగడం తప్పు కాదు. చెప్పలేకపోతే ఆ సీసా వాడకూడదు.